దస్తావేజు ఒప్పు, ఇండెక్సు తప్పు

సంపాదకులకు నమస్కారం.

సీమ నుంచి, కోస్తా నుంచి, తెలంగాణ నుంచి వచ్చి బెంగళూరులో సైటో ఫ్లాటో కొంటున్న మనవాళ్లు ఇప్పుడు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తున్నారు, లాయరుతో లీగల్ ఒపీనియన్ రాయించుకుంటున్నారు. మంచిదే. అయితే రిజిస్ట్రేషన్‌కు ముందు తప్పక చదవవలసిన కాగితం ఇంకొకటి ఉంది. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్లో మన తరఫున నింపిన అర్జీ అది. దాన్ని చదివేవాళ్లు చాలా తక్కువ.

2023లో కావేరి 2.0 వచ్చాక పద్ధతి మారింది. దస్తావేజు ముసాయిదాను అప్‌లోడ్ చేయడం ఒక పని. అమ్మేవారు, కొనేవారు, ఆస్తి నంబరు, కొలతలు, చెక్కుబందీ (నాలుగు హద్దులు), విలువ వంటివి గళ్లలో విడిగా నింపడం మరో పని. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పరిశీలించి సరేనన్నాక రుసుములు కట్టి, సమయం బుక్ చేసుకుని వెళ్తాం. అక్కడ మిగిలేది ఫోటో, వేలిముద్ర, సంతకం. అంతా ఇట్టే అయిపోతుంది కాబట్టి అక్కడ కూర్చుని చదివే వీలుండదు.

రేపు ఈసీలో కనిపించేది ఆ గళ్లలో నింపిన సమాచారమే గాని దస్తావేజులో రాసిన వాక్యాలు కావు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తులకు ఒక ఇండెక్సు ఉంటాయి. అప్పిచ్చే బ్యాంకైనా, మీ దగ్గర కొనబోయేవారైనా వెతికేది ఆ ఇండెక్సులోనే. సర్వే నంబరులో హిస్సా (ఉప విభాగం అంకె) ఒక్కటి తప్పు పడితే, 45/2 బదులు 45/3 అని పడితే, మీ దస్తావేజు భద్రంగానే ఉంటుంది, వెతికినవారికి మాత్రం దొరకదు. మీ ఆస్తి ఇంకా పాత యజమాని పేరునే ఉన్నట్టు ఈసీ చూపిస్తుంది. మోసగాడు కోరుకునేది సరిగ్గా ఇదే.

ఎక్కువ తప్పులు దొర్లేది షెడ్యూలులో, అంటే దస్తావేజులో ఆస్తిని వర్ణించే భాగంలో. రోడ్డు తూర్పున ఉన్న 30-40 సైటునే తీసుకోండి. మామూలుగా ఉత్తర దక్షిణాలు 30 అడుగులు, తూర్పు పడమరలు 40 అడుగులు ఉంటాయి. ఈ రెండూ తారుమారైనా విస్తీర్ణం అదే 1,200 చదరపు అడుగులు వస్తుంది, అందుకే ఎవరి కంటా పడదు. కాగితం ప్రకారం మాత్రం మీరు పక్క సైటులోకి 10 అడుగులు చొచ్చుకుపోయి, వెనక 10 అడుగులు వదులుకున్నట్టు అవుతుంది. ప్లాను మంజూరుకు వెళ్లిన రోజునో, బ్యాంకు ఇంజనీరు టేపు పట్టిన రోజునో బయటపడుతుంది. అందుకే విస్తీర్ణం ఒక్కటీ సరిచూస్తే చాలదు. నాలుగు దిక్కులూ, నాలుగు కొలతలూ సైటు దగ్గర నిలబడి పోల్చుకోవాలి.

ఊరి అంచున భూమి కొనేవారికి ఇంకో చిక్కుంది. కర్ణాటక పహణీలో (సాగుభూమి రికార్డులో) 1.20 అంటే ఎకరం 20 గుంటలు, అంటే ఎకరంన్నర. సెంట్లలో లెక్కవేసే సీమ, కోస్తా వారు దాన్ని ఎకరం 20 సెంట్లుగా చదువుతారు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 1,089 చదరపు అడుగులు, సెంటుకు 435.6. తెలంగాణవారికి గుంట కొత్త కాదు కాబట్టి ఈ తడబాటు తక్కువ.

ఫ్లాటైతే అవిభాజ్య వాటా, అంటే భవనం ఉన్న స్థలంలో మీకు వచ్చే పాలు, చూడాలి. వాటా చదరపు అడుగుల్లో ఒకచోట, శాతంలో ఇంకోచోట రాస్తారు. మొత్తం స్థలాన్ని శాతంతో గుణిస్తే ఆ చదరపు అడుగులు రావాలి. రాకపోతే సంతకం ఆపండి. కారు పార్కింగు నంబరు కూడా చాలా దస్తావేజుల్లో ఖాళీగానే మిగిలిపోతోంది.

పేర్ల దగ్గర మనవాళ్లది ప్రత్యేకమైన ఇబ్బంది. మనం ఇంటిపేరును ముందు పొడి అక్షరంగా రాస్తాం, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో చివరికి పోతుంది. పాత దస్తావేజులో ఒకలా, ఇప్పటి ఆధార్‌లో ఒకలా ఉంటే, రెండూ ఒక్కరే అని దస్తావేజు మొదట్లోనే రాయించాలి. లేకపోతే పేరు ఇండెక్సులో ఇద్దరు వేర్వేరు మనుషులవుతారు.

ఇంకో మాట. నగరంలో 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా (నగరపాలక సంస్థ ఆన్‌లైనులో ఇచ్చే ఆస్తి రికార్డు) లేనిదే రిజిస్ట్రేషన్ లేదు. ఆస్తి వివరాలు అక్కడి నుంచే అర్జీలోకి వస్తాయి కనుక ఈ-ఖాతాలోని తప్పు కూడా వెంటే వస్తుంది. దాన్ని అమ్మేవారి చేత ముందే దిద్దించాలి. డబ్బు పూర్తిగా చేతికి అందాక ఆ పనికి వారిని తిప్పుకోవడం కష్టం. ఖాతా పన్ను రికార్డే తప్ప హక్కుపత్రం కాదన్నది కూడా మరవకూడదు.

తప్పు పడ్డాక దిద్దే దారులు రెండు. దస్తావేజు సరిగ్గా ఉండి ఇండెక్సు మాత్రమే తప్పైతే, రిజిస్టరైన ప్రతి జతచేసి అదే కార్యాలయంలో సవరణకు అర్జీ పెట్టుకోవచ్చు. దస్తావేజే తప్పైతే సవరణ పత్రం రిజిస్టరు చేయించాలి, అమ్మినవారు మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. వారు కాలం చేసి ఉంటే వారసులందరూ రావాలి. రాకపోతే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. అక్షరదోషమైతే స్టాంపు ఖర్చు స్వల్పమే. ఆస్తి గాని విస్తీర్ణం గాని మారుతోందంటే దాన్ని కొత్త అమ్మకంగా చూసి పూర్తి సుంకం అడిగే ప్రమాదం ఉంది.

80 లక్షల ఫ్లాటుకు ఆ సుంకం ఎంతో చూడండి. 5 శాతం స్టాంపు డ్యూటీ 4,00,000, దానిమీద 10 శాతం సెస్సు 40,000, 2 శాతం సర్‌చార్జి 8,000. 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతమైన రిజిస్ట్రేషన్ రుసుము 1,60,000. వెరసి 6,08,000 రూపాయలు. గైడెన్స్ వాల్యూ (ప్రభుత్వం నిర్ణయించిన కనీస విలువ) ఇంకా ఎక్కువుంటే లెక్క దానిమీదే.

ఈసీ తీసేవారికి కూడా ఒక సూచన. ఆన్‌లైనులో దొరికేది 2004 ఏప్రిల్ నుంచే. 30 ఏళ్లది కావాలంటే, ఆ కాలంలో ఆ ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉండేదో కనుక్కుని అక్కడ విడిగా అడగాలి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నడుస్తున్న దావాలు, వీలునామాలు ఏ ఈసీలోనూ కనబడవు.

దస్తావేజు లేఖరులకు, ఏజెంట్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. పోర్టల్లో లాగిన్ మీ ఫోను నంబరుతో కాకుండా కొనేవారి నంబరుతో తెరవండి. కార్యాలయం అర్జీని తిప్పి పంపినా, వివరాలు మార్చమన్నా ఆ కబురు వారికే నేరుగా అందుతుంది. గళ్లలో నింపిన వివరాలను అచ్చు తీసి, దస్తావేజు షెడ్యూలుతో పాటు, రుసుము కట్టకముందే వారి చేతికివ్వండి. రిజిస్టరైన వారం పది రోజులకు ఆ ఒక్క లావాదేవీకి కొత్త ఈసీ తీసి చూపించండి. తప్పుంటే, అమ్మినవారు ఇంకా ఫోను ఎత్తుతుండగానే తెలుస్తుంది.

ఇట్లు,
దస్తావేజుల పరిశీలన వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు