మా తీర్మానాలకు జవాబు ఎప్పుడిస్తారు?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు రావడం లేదని పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం రాసి పంపింది. బోరు మోటారు కాలిపోయి చాలాకాలమైంది. మండలంలో అర్జీ ఇచ్చాం. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లోనూ ఇచ్చాం. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సంతోషంగా బడికి పోయి చూస్తే ట్యాంకు ఎండిపోయే ఉంది. ఎవరూ వచ్చి చూడకుండా ఎట్లా పరిష్కరించారండీ?

ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలు సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టుకోవడం లేదు, తాగితే మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని. నెలసరి రోజుల్లో బడికే రావడం లేదు. కలిగిరి, వింజమూరు వైపు మెట్ట ఊళ్లలో ఎండలు ఎట్లా ఉంటాయో మీ అధికారులకు తెలుసు. పొద్దున నింపి పంపిన సీసా సాయంత్రం అట్లాగే ఇంటికి తిరిగొస్తుంటే తల్లి ప్రాణం ఎట్లా ఉంటుంది? మూత్రంలో మంటగా ఉందని ఒక పిల్లను ఆసుపత్రికి తీసుకుపోతే, నీళ్లు బాగా తాగమని డాక్టర్ చెప్పారు. తాగి ఎక్కడికి పోవాలి సార్?

2025లో బడిపిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు పట్టుకుని మాకు 13,000 వేశారు. మా ఊళ్లో ఎవరూ కాదనలేదు. బడి బాగుపడితే అంతకంటే ఏం కావాలి అనుకున్నాం. అందులో మా బడికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు లేరు.

2009 విద్యాహక్కు చట్టం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది. సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే పని కూడా కమిటీకే అప్పగించింది. ఆ ప్రణాళిక రాద్దాం రమ్మని మమ్మల్ని ఇంతవరకు ఎవరూ పిలవలేదు. మీటింగ్ పనిరోజు మధ్యాహ్నం పెడతారు. కూలి మానుకుని వస్తే, అప్పటికే రాసిపెట్టిన మినిట్స్ బుక్ ముందుకు జరిపి సంతకం చేయమంటారు. హెచ్‌ఎం గారిని నేను తప్పుపట్టను, ఆయనకు పైనుంచి అంత టెన్షన్ ఉంటుంది. కానీ కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోతే ఆ కమిటీ ఎందుకు?

పిల్లల మాటకైతే ఆ మాత్రం చోటు కూడా లేదు. మెగా పేరెంట్స్ మీటింగ్ రోజు ఎనిమిదో తరగతి అమ్మాయిలు ఒక కాగితం రాసిచ్చారు. ముందు మోటారు, తర్వాత తలుపులకు గడియలు, మూత ఉన్న చెత్తబుట్ట, మధ్యాహ్నం కూడా ఒకసారి కడిగించడం. ఏది ముందు కావాలో, ఏది కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదో వాళ్లే తేల్చారు. నేను చూసినంతలో మా బడికి ఇంత చక్కటి ప్రణాళిక ఇంకెవరూ రాయలేదు. ఆ కాగితాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. అంతటితో సరి. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో కమిటీలో పిల్లలను కూడా తీసుకోవచ్చని ఉంది. మా దగ్గర ఎందుకు తీసుకోరు?

మాది దూబగుంట ఉన్న మండలం సార్. అక్కడ మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో, 1992లో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా వేలంపాటలను ఆపించారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అట్లాంటి చోట తల్లులకు మీటింగులో మాట్లాడటం రాదని మీ అధికారులు అనుకోవడం న్యాయం కాదు.

దయచేసి ముందు మోటారు వేయించండి. కమిటీ చేసిన ప్రతి తీర్మానానికి, అవుననో కాదనో, నెల లోపల రాతపూర్వకంగా జవాబివ్వమని ఉత్తర్వు ఇవ్వండి. మీటింగులు సాయంత్రం పెట్టించండి. మరుగుదొడ్ల డబ్బు లెక్క బడి గోడ మీద రాయించండి. పిల్లల కాగితానికి కూడా జవాబు ఇప్పించండి, వాళ్లు రోజూ అడుగుతున్నారు. అర్జీ పరిష్కారమైందని ఇంకొక మెసేజ్ మాత్రం పంపించకండి. ముందు ఎవరినైనా పంపి ఆ ట్యాంకు చూడమనండి.

ఇట్లు
పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు, ఒక తల్లి
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా