అవ్వ తెచ్చిన 1911 రూపాయి: మా షాపు చేసిన తప్పు

తిరుపతి గాంధీ రోడ్డులోని మా షాపులో పాత వెండి నాణేలు కొనే, అమ్మే అందరికీ ఒక విషయం చెప్పుకోవాలి.

పోయిన నెల చంద్రగిరి వైపు నుంచి ఒక అవ్వ పసుపు గుడ్డలో మూటగట్టిన ఆరు రూపాయి బిళ్లలు తెచ్చి, వెల కట్టి పెట్టమని ఇచ్చి వెళ్లింది. అందులో ఒకటి 1911 నాటి ఐదో జార్జి రూపాయి. నేను లేని సమయంలో, నల్లగా ఉన్నాయి కదా అని మా కుర్రాడు ఆరింటికీ మెషీన్ మీద మెరుగు పెట్టేశాడు. వాడిని ఏమీ అనలేను. ఏ వెండి వచ్చినా ముందు మెరుగు పెట్టమని ఇన్నేళ్లూ నేర్పింది నేనే.

ఆ ఏడాది రూపాయి మీద రాజు వేసుకున్న హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడడంతో అది జనానికి పందిలా కనిపించింది. పెద్ద గొడవే అయింది. ప్రభుత్వం ఆ నాణేలను ఆపేసి, చాలావాటిని కరిగించి, 1912లో ఏనుగును సరిదిద్ది మళ్లీ అచ్చు వేయించింది. దాన్ని 'పంది రూపాయి' అంటారు. సేకరించేవాళ్లు ఆ బొమ్మ కోసమే వెతుకుతారు. మెరుగు పెట్టాక భూతద్దంలో చూస్తే ఆ ఏనుగు కాళ్లు అరిగిపోయి ఒక బొడిపెలా మిగిలింది.

తోమకముందు ఎంత ఇచ్చేవాడినో అంతా అవ్వ చేతిలో పెట్టి, నాణెం కూడా ఆమెకే ఇచ్చేశాను. "దుడ్లు సరే నాయినా, మా అత్త ఇచ్చినప్పుడు ఇట్లా లేదే" అంది. ఆ మాట ఇంకా మనసులో మెదులుతూనే ఉంది.

ఇకపై మా షాపులో పాత నాణేనికి మెరుగు పెట్టం. ఇంతకుముందు మెరుగు పెట్టిన నాణేలను సేకరణ ధరకు మా దగ్గర కొన్నవాళ్లు వెనక్కి తెస్తే, కట్టిన డబ్బు మొత్తం ఇస్తాను.

ధర విషయం కూడా దాచకుండా చెబుతాను. పాతదైతే చాలు లక్షలు వస్తాయన్న ఆశతో చాలామంది వస్తున్నారు. 1840 అని ఉన్న విక్టోరియా రాణి రూపాయిని అదే తేదీతో 1861 దాకా కొడుతూనే ఉన్నారు, కాబట్టి అది బోలెడు దొరుకుతుంది. అలాంటివాటికి వెండి ధర, పైన కొంచెం. రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత తులం. అందులో దాదాపు 10.7 గ్రాములు అసలు వెండి. 1940 నుంచి వెండి సగానికి తగ్గింది, 1947 నాటిది ఒట్టి నికెల్. 1939 రూపాయి మాత్రం నిజంగా అరుదు, నకిలీలూ ఎక్కువే. కొక్కెం అతికించినా, చిల్లు పెట్టినా ఏ నాణేనికైనా వెండి ధరే.

వరలక్ష్మీ వ్రతానికి బిళ్లలు బయటికి తీస్తారు కదా, దయచేసి చింతపండుతో, విభూతితో తోమకండి. కుంకుమ అంటితే మంచినీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. వెల కట్టించుకోవాలంటే ఆ నలుపుతోనే తీసుకురండి.