ఎంటర్ నొక్కితే వెళ్లిపోయిన ఉత్తరాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక వెబ్‌సైటులోని లేఖల గడి నుంచి మీకు నా ఉత్తరాలు మూడు అంది ఉంటాయి. మొదటి దాంట్లో 'ఎడిటర్ గారికి నమస్కారం' అని తప్ప ఇంకేమీ ఉండదు. రెండో దాంట్లోనూ అంతే. మూడో దాంట్లో నమస్కారంతో పాటు ఒక వాక్యంలో సగం ఉంటుంది. వాటిని నేను పంపలేదు, అవే వెళ్లిపోయాయి. నమస్కారం పెట్టి కింది పంక్తికి వెళ్దామని ఎంటర్ నొక్కాను. ఉత్తరం రాసుకోమని ఇచ్చిన గడిలో ఎంటర్ నొక్కితే కొత్త పేరా రావాలి. మీ దగ్గర ఉత్తరమే వెళ్లిపోతుంది, పైగా 'మీ లేఖ అందింది, ధన్యవాదాలు' అని పచ్చరంగులో ఒక పలకరింపు. రెండోసారి జాగ్రత్తగానే కూర్చున్నాను. కానీ ఇన్నేళ్లుగా పేరా ముగియగానే ఎంటర్ మీద పడడం అలవాటైన చిటికెన వేలు నా మాట వినలేదు. అందుకే ఈసారి ప్రింటు తీసి పోస్టులో వేస్తున్నాను.

నేను హనుమకొండ సుబేదారిలో, కోర్టుకు దగ్గరలో, ఇరవై ఆరేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. అంతకు ముందు వరంగల్ స్టేషన్ రోడ్డులోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయర్, హయ్యర్ పాసయ్యాను. మా మాస్టారు కీల మీద తువ్వాలు కప్పి కొట్టించేవారు. కొన్ని ఒత్తుల కీలు నొక్కితే బండి కదలదు, ఆపై అక్షరం కొడితేనే కదులుతుంది. ఆ లెక్క వేళ్లకు పట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. తర్వాత పేజీలు కూర్చే పేజ్‌మేకర్, 'అను' అనే తెలుగు ఫాంట్లు వచ్చాయి. మా వాళ్లు యాపిల్ అని పిలిచే కీబోర్డు అమరిక నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికతో కొడుతున్నాను. అంటే వేళ్లకు మూడుసార్లు అక్షరాభ్యాసం చేయించిన మనిషిని. కొత్తదనం అంటే గిట్టక రాస్తున్నానని దయచేసి అనుకోకండి.

నా ఫిర్యాదు వేరు. ఈ మధ్య ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ప్రతి వెబ్‌సైటూ తన గడిలో కీబోర్డు, మౌస్ ఎలా ప్రవర్తించాలో తానే కొత్తగా తీర్మానిస్తోంది. ఒకచోట బ్యాక్‌స్పేస్ ఒక అక్షరాన్ని చెరిపితే ఇంకోచోట మొత్తం మాటను మింగుతుంది. ఒకచోట ట్యాబ్ పక్క గడికి తీసుకెళితే ఇంకోచోట ఖాళీలు పోస్తుంది. బయట బోర్డు చూసి లోపలికి వెళితే తలుపు నెట్టాలో లాగాలో తెలియని కొట్టులా ఉంటుంది ప్రతి పేజీ.

మొన్న సోమవారం నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రెండెకరాల ఇరవై గుంటల చెలక. కాగితంలో సర్వే నంబరు తప్పు పడింది, సరిచేయమని ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టాలి. మండలం పేరు కొట్టడంలో నా వేలు జారి 'నర్సిపేట' అని పడింది. చిన్న పని. కర్సర్‌ను 'ర్సి' పక్కన పెట్టి, బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కి గుడి తీసేసి, సున్నా పెడితే సరిపోతుంది. గుడి పోయింది. సున్నా కొట్టాను. తెర మీద 'నర్సపేటం' అని ఉంది.

పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "బిడ్డా, ఇది మా మండలమేనా?" అన్నారు.

మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఆ గడిలో ఏ కీ నొక్కినా సరే, వెనకున్న ప్రోగ్రాము రాసినదంతా బయటికి తీసి, తన లెక్కన శుభ్రం చేసి, తిరిగి లోపల పెడుతోంది. పెట్టిన ప్రతిసారీ కర్సర్ చివరికి వెళ్లి నిలబడుతోంది. నేను నడుమ దిద్దుతుంటే అది తోకలో రాస్తోంది. కంట్రోల్ జడ్ కొడితే వెనక్కు రాదు, ఎందుకంటే అలా తీసి పెట్టేటప్పుడు అంతవరకు చేసిన మార్పుల చరిత్ర కూడా తుడిచిపెట్టుకుపోతోంది. చివరకు గడి మొత్తం ఖాళీ చేసి, తప్పు పడకుండా ఊపిరి బిగబట్టి మొదటి నుంచి కొట్టాను. ఇరవై ఆరేళ్ల తర్వాత మళ్లీ తువ్వాలు కప్పిన కీల ముందు కూర్చున్నట్టయింది.

అక్కడితో అయిపోలేదు. ఎకరాల గడిలో 2 కొట్టి, గుంటల గడి కోసం పేజీని కిందికి జరుపుదామని మౌస్ వీల్ తిప్పాను. పేజీ కదలలేదు. కాస్త గట్టిగా తిప్పాను. కదిలింది పేజీ కాదు, పెద్దాయన భూమి. రెండు కాస్తా ఒకటి, సున్నా అయ్యి, మైనస్ మూడు దగ్గర ఆగింది. ఉన్న చెలక పోగా ఆయనే ఎవరికో మూడెకరాలు బాకీ పడ్డారు. అటు కాకుండా పైకి తిప్పి ఉంటే నా చేతి మీదుగా పదెకరాల ఆసామి అయ్యేవారు. అంకెల గడిలో కర్సర్ ఉండగా వీల్ తిప్పితే అంకె మారడం కొన్ని బ్రౌజర్లలో ముందు నుంచీ ఉన్న గుణమే. దాన్ని ఆపేయడం ప్రోగ్రాము రాసేవాళ్లకు ఒకటి రెండు వరుసల పని. ఆ గడిలో సున్నాకు దిగువ అంకె పడకూడదని చెప్పడం ఇంకా తేలిక. రెండూ ఎవరూ చేయలేదు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. తన ఫోనులో, తన కంప్యూటర్‌లో తానే నింపుకునే రైతు 'పంపు' నొక్కే ముందు ఎకరాలను మళ్లీ చూసుకుంటారని ఏమిటి నమ్మకం? సర్వే నంబరుకు కూడా అదే అంకెల గడి ఇచ్చారు. తెలంగాణలో సర్వే నంబరు అంటే 214/అ, 214/ఆ అని ఉంటుంది. ఆ గడికి గీత పనికిరాదు, 'అ' అసలే పనికిరాదు.

ఇలాంటివి నాకు అర్థమయ్యేలా చెప్పినవాడు ఎన్‌ఐటీ విద్యార్థి. ప్రాజెక్టు రిపోర్టుకు స్పైరల్ బైండింగు చేయించుకోవడానికి వచ్చి, నా విసుగు విని, ఎఫ్12 నొక్కి ఆ పేజీ లోపలి రాతలు తెరిచి చూపించాడు. 'అక్షరాలు మాత్రమే' అని రాసి ఉన్న ఒక గడి చాలాకాలంగా నా ప్రాణం తీస్తోంది. అందులో నేను 'భద్రకాళి' అని కొడితే 'భదరకళ' అని నిలిచేది. మా అమ్మవారి పేరును అలా చూడడం నాకు నచ్చలేదు. సంగతి ఏమిటంటే, యూనికోడ్‌లో హల్లులు, అచ్చులు అక్షరాల జాబితాలో ఉంటాయి. గుడి, దీర్ఘం, కొమ్ము, పొల్లు మాత్రం గుర్తుల జాబితాలో ఉంటాయి. ప్రోగ్రాము రాసినవారు అక్షరాల జాబితాను రానిచ్చి గుర్తుల జాబితాను గుమ్మం బయట ఆపేశారు. ఇంగ్లిష్‌కు గుణింతం లేదు కాబట్టి వారికి తేడా కనబడలేదు. ఇంకో గడిలో, నొక్కిన కీకి ఉన్న సంఖ్యను బట్టి అక్షరమా కాదా అని తేల్చే ఏర్పాటు ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగుతో తెలుగు కొట్టే సాధనాలు వాడినా, ఫోన్లలోని కీబోర్డుల్లో చాలావాటితో కొట్టినా, బ్రౌజర్‌కు ఏ కీకైనా 229 అనే ఒకే సంఖ్య అందుతుందట. ఇక ఆ కాపలాదారుకు అందరూ ఒకే ముఖంతో కనిపిస్తారు. ఒకచోట అందరినీ ఆపేస్తాడు, మరోచోట అందరినీ వదిలేస్తాడు. "మేమూ ఇదే చేస్తాం మేడమ్, ఇంగ్లిష్‌లో కొట్టి చూసి బాగుందని వదిలేస్తాం" అని ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. బైండింగు డబ్బులు తీసుకోలేదు నేను.

బ్యాక్‌స్పేస్ సంగతి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే రోజుకు అన్నిటికంటే ఎక్కువ నేను నొక్కేది దాన్నే. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆరు కీలు: ఎం, డీ, ఎల్, డీ, జే, ఆర్. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, చివర దీర్ఘమైన గుడి. దీర్ఘం తప్పు పడితే నేను బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కుతాను. దీర్ఘం మాత్రమే పోవాలి, 'స్త్ర' మిగలాలి. చాలా ఏళ్లుగా మంచి ఎడిటర్లన్నీ ఇలాగే చేస్తున్నాయి. అదే బాణం కీతో పక్కకు వెళుతుంటే మాత్రం కర్సర్ మొత్తం అక్షరాన్ని ఒక్క అంగలో దాటాలి, ఒత్తుల మధ్య ఇరుక్కోకూడదు. చెరిపేటప్పుడు ముక్క ముక్కగా, నడిచేటప్పుడు అక్షరం అక్షరంగా: చూడడానికి ఇది పొంతన లేనట్టే ఉంటుంది కానీ తెలుగు కొట్టే చేతికి ఇదే సుఖం. కొత్త గడుల్లో కొన్ని దీన్ని సరిగ్గా తిరగేశాయి. బ్యాక్‌స్పేస్‌కు ఆరు కీల శ్రమ ఒక్క దెబ్బకు మాయం, బాణం కీకి మాత్రం మూడుసార్లు నొక్కితే కానీ ఒక్క స్త్రీ దాటదు. 2023లో యూనికోడ్ వారు ఒత్తులతో కూడిన తెలుగు అక్షరాన్ని ఒకే గుచ్ఛంగా లెక్కించే నియమం చేర్చారని ఆ అబ్బాయే చెప్పాడు. మంచిదే, కర్సర్ నడకకు అది కావాలి. దాన్ని తెచ్చి బ్యాక్‌స్పేస్‌కు తగిలించకపోతే చాలు.

ఇక పేస్టు. రైట్ క్లిక్ చేస్తే 'అనుమతి లేదు' అని గద్దించే పేజీలు, కంట్రోల్ వీ నొక్కితే ఉలకని పలకని గడులు. బ్యాంకు ఖాతా నంబరును రెండోసారి చేత్తోనే కొట్టమంటే ఒప్పుకుంటాను. ఒకే తప్పును కాపీ చేసి రెండు గడుల్లో అతికించే వాళ్లను రోజూ చూస్తున్నాను. కానీ అర్జీ వివరాల గడిలో పేస్టు ఆపడం దేనికి? అర్జీదారు చెప్పింది నేను ముందు నోట్‌ప్యాడ్‌లో కొట్టి, చదివి వినిపించి, దిద్ది, అప్పుడు కదా గడిలో పెట్టాలి. భద్రత కోసం అంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పాస్‌వర్డు గడిలో కూడా పేస్టును అనుమతించాలనే ఉంది. పాస్‌వర్డుకు లేని ప్రమాదం బోరుబావి మోటారు కాలిపోయిందన్న మొరకు ఉంటుందా?

కట్, కాపీ, పేస్టులకు రూపమిచ్చినవారు ల్యారీ టెస్లర్. 1970ల నడుమ టిమ్ మాట్‌తో కలిసి ఆయన జిప్సీ అనే ఎడిటర్ తయారు చేశారు. ఏ కంపెనీలో అనుకున్నారు? జిరాక్స్‌లో, పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో. మనకు జిరాక్స్ అంటే నా కొట్టులో మూలనున్న మిషను మాత్రమే. ఆయనకు ముందు చాలా ఎడిటర్లలో ఒకే కీ ఒక స్థితిలో అక్షరం కొట్టేది, ఇంకో స్థితిలో ఆజ్ఞగా మారి రాసింది చెరిపేసేది. ఏ స్థితిలో ఉన్నామో మనిషే గుర్తుపెట్టుకోవాలి. ఆ పద్ధతి ఆయనకు ఎంత అసహ్యమంటే, కారు నంబరు పలక మీద కూడా 'నో మోడ్స్' అని రాయించుకున్నారు. 2020లో పోయారు. ఆ తలనొప్పిని ఆయన తీసేస్తే, గడికొక రాజ్యాంగంతో మనవాళ్లు తిరిగి తెస్తున్నారు.

కీలను మార్చుకోవడమే తప్పని నేను అనను. నేనే మార్చుకున్నాను. లిబ్రే ఆఫీసులో అర్జీల మొదటి పేరా దాచుకుని, పొట్టి పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే మొత్తం పడేలా పెట్టుకున్నాను. కుడి మణికట్టు నొప్పి మొదలయ్యాక మౌస్‌ను ఎడమ చేతికి మార్చి, బటన్లు తారుమారు చేసుకున్నాను. వచ్చిన మా ఆడపడుచు ఏది నొక్కినా ఇంకేదో అవుతోందని తిట్టుకుంది. అయితే అది నా కంప్యూటర్, మార్చింది నేను, కావాలంటే వెనక్కు తిప్పేది కూడా నేనే. వెబ్‌సైటు చేసే మార్పులో ఈ మూడూ లేవు.

నాకు ఇది విసుగు, ఇంకొకరికి దారి మూసేయడం. కంటిచూపు లేని ఒక డిగ్రీ విద్యార్థి స్కాలర్‌షిప్పు దరఖాస్తు కోసం నా దగ్గరికి వస్తాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, మౌస్ ముట్టకుండా, నాకంటే వేగంగా కొడతాడు. ఒక గడిలోకి ట్యాబ్‌తో వెళ్లాడు. అది ట్యాబ్‌ను ఖాళీగా మార్చుకునే గడి. ఎన్నిసార్లు నొక్కినా బయటకు రాలేకపోయాడు. కీబోర్డుతో లోపలికి వెళ్లిన చోటి నుంచి కీబోర్డుతోనే బయటకు రాగలగాలని వెబ్ ప్రమాణాల్లో స్పష్టంగా ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం 2009 నుంచి మన దేశానికీ మార్గదర్శకాలు ఉన్నాయి. ఆ అబ్బాయి మాత్రం చివరకు నా మౌస్ అడిగి, నన్నే నొక్కమన్నాడు. అడిగేటప్పుడు గొంతు తగ్గించాడు.

మీకు నా విన్నపం చిన్నది. మీ లేఖల గడిలో ఎంటర్‌ను పేరాకు వదిలేసి, పంపడానికి బటన్ ఒక్కటి ఉంచండి. రైట్ క్లిక్ మీద నిషేధం మీ దగ్గర కూడా ఉంది, దాన్ని ఎత్తేయండి. చేసిన తర్వాత ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగులో, ఫోనులో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి నాలుగు పేరాలు కొట్టి చూడమని మీ సాంకేతిక విభాగానికి చెప్పండి. భద్రకాళి అని కొడితే చాలు, సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

ఈ ఉత్తరం వేసుకుంటే మీ డెస్కులో ఎవరో ఒకరు దీన్ని మళ్లీ టైపు చేయాలి కదా. వారికి ఒక మాట. పైన 'నర్సపేటం' అని ఉన్నచోట అది నా అచ్చుతప్పు అనుకుని దిద్దకండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
సుబేదారి, హనుమకొండ.