చిన్న పరిశ్రమలకు చేరని సౌర పెట్టుబడి
సౌరవిద్యుత్తుకు దేశంలో పెద్ద పెట్టుబడులు వస్తున్నా చిత్తూరు జిల్లాలోని చిన్న పరిశ్రమలకు ఆ సొమ్ము అందడం లేదు. ఇళ్లపై 3 కిలోవాట్ల ప్యానెళ్లకు పీఎం సూర్యఘర్ పథకం కింద రూ.78,000 రాయితీ ఉంది, మామిడి గుజ్జు యూనిట్లకు అది వర్తించదు. మా ఊరి యూనిట్ యజమాని అప్పుకు వెళ్తే, ఏళ్ల తరబడి తప్పక కట్టిన కరెంటు బిల్లుల కట్టను పక్కన పెట్టి, ఏడాదిలో మూడు నెలలే నడిచే యూనిట్ కదా అంటూ బ్యాంకువారు తోతాపురి తోట పత్రాలు తాకట్టు అడిగారు. తండ్రి నాటిన తోట కాబట్టి ఆయన వెనుదిరిగారు. 2023 జనవరిలో కేంద్రం తొలి హరిత బాండ్లతో (పర్యావరణహిత పనుల కోసం జారీ చేసే అప్పు పత్రాలతో) రూ.8,000 కోట్లు సమీకరించింది. అదే బాటలో రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి చిన్న అప్పులన్నింటినీ ఒకే బాండుగా కూర్చి, ఎగవేత నష్టంలో కొంత భాగానికి తానే పూచీ పడితే, చిన్న మొత్తాల జోలికి రాని బీమా సంస్థలు, పింఛను నిధులు కూడా ముందుకు వచ్చే వీలుంటుంది.
— ఒక పాఠకుడు, చిత్తూరు