గడ్డి మేసిన ఆవు పాలైనా కాచాల్సిందే

సంపాదకులకు నమస్కారం.

'పచ్చిగడ్డి మేసే ఆవు పాలలో చెడు బ్యాక్టీరియా ఉండదు, కాచకుండా తాగండి' అనే మెసేజ్ ఈమధ్య వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. చంటిపిల్లల తల్లులు కూడా నమ్మేస్తున్నారు, పశువైద్యుడిగా నాకు అదే టెన్షన్.

ఇలా వాదించేవాళ్లు చూపించేది 1998లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన పరిశోధన. ఆవుకి మొక్కజొన్న దాణా దండిగా పెడితే అందులోని పిండిపదార్థమంతా మొదటి పొట్టలో అరగదు, కొంత పెద్దపేగు దాకా పోయి అక్కడ పులిసి ఆమ్లం పెరుగుతుంది, ఆ పులుపుకి అలవాటుపడ్డ ఈకొలై అనే పేగుల బ్యాక్టీరియా రేపు మన కడుపులోని ఆమ్లాన్నీ తట్టుకుంటుంది. ఐదు రోజులు ఎండుగడ్డి పెట్టేసరికి అలాంటివి బాగా తగ్గిపోయాయి. నిజమే. కానీ వాళ్లు లెక్కపెట్టింది పశువుల పేగుల్లో మామూలుగా ఉండే ఈకొలైని. ఈకొలైలోనే ప్రాణం మీదికి తెచ్చే ఓ157 అనే రకాన్ని అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పశువులకి ఇచ్చి చూస్తే, ఎండుగడ్డి తిన్నవాటి పేడలోనే అది ఎక్కువ రోజులు కనిపించింది, ఆమ్లాన్ని తట్టుకోవడంలోనూ తేడా లేదు. అది అచ్చయింది ఆ మరుసటి ఏడాదే, దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

అలాగని మేతతో సంబంధమే లేదనను, ఇథనాల్ తీశాక మిగిలే ధాన్యపు పిప్పి పెట్టినప్పుడు ఓ157 పెరిగినట్టు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో చేసిన ప్రయోగాల్లో తేలింది.

అసలు చిక్కేమిటంటే ఈ క్రిమి ఉన్న ఆవు జబ్బుపడదు. నెమరేస్తూ, పాలిస్తూ నిక్షేపంగా ఉంటుంది. పడుకున్నప్పుడు పొదుగుకి అంటిన పేడ సరిగా కడగకపోయినా, పితికేటప్పుడు తోక విసిరి ఒక్క చుక్క గిన్నెలో పడినా చాలు, ఎందుకంటే వందలోపు క్రిములే మనిషిని పడగొట్టగలవు. పిల్లలకైతే రక్తవిరేచనాలతో మొదలై కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల ఏడు వందల మందికి పైగా జబ్బుపడి, నలుగురు పిల్లలు చనిపోయింది ఈ క్రిమి వల్లే.

పాలు పొంగు వచ్చేదాకా కాస్తే ఇది చచ్చిపోతుంది. సీసాల్లో పచ్చిపాలు అమ్మేవాళ్లు 'కాచి తాగండి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. మీ ఆరోగ్య పేజీలో కూడా దీని గురించి వివరంగా వేయండి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్ల కోసం.

– ఒక పశువైద్యుడు, ఒంగోలు