నల్ల తెర వేలాడదీస్తే ఖాళీ రంగస్థలం కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో పీటర్ బ్రూక్ మీద వ్యాసం వేసినందుకు సంతోషం. తెలుగు పత్రికల్లో నాటక దర్శకుడికి పూర్తి పేజీ దొరకడమే అరుదు. కానీ అందులో రెండు మాటలు సరిదిద్దుకోవాలి. ఆయన్ని ఫ్రెంచి దర్శకుడన్నారు. పారిస్‌లో దాదాపు యాభై ఏళ్లు పనిచేసిన మాట నిజం. అయినా 1925లో లండన్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, బర్మింగ్‌హామ్‌లోనూ స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ చెయ్యి తిరిగిన మనిషాయన. ఇది చిన్న పొరపాటే. రెండోది పెద్దది: "సెట్టింగులు అక్కర్లేదని నిరూపించిన దర్శకుడు" అన్న మాట. ఇలాంటి మాటలు నమ్మే మన పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, కొన్ని నాటక సమాజాలు నల్ల తెర ఒకటి కట్టి, రెండు కుర్చీలు వేసి, ప్రయోగం చేశామనుకుంటున్నాయి. బ్రూక్ చేసింది అది కాదు.

సెట్టింగులు తెలియక వదిలేసినవాడు కాడాయన. ఇరవై రెండేళ్లకే లండన్ కోవెంట్ గార్డెన్ ఒపేరా (సంగీత నాటకశాల)లో ప్రదర్శనల డైరెక్టరయ్యాడు. 1949లో అక్కడ 'సలోమి' అనే ఒపేరాకి రంగాలంకరణ సాల్వడార్ డాలీ చేత చేయించి పెద్ద రగడ తెచ్చుకున్నాడు. భారీతనం ఎంత దూరం తీసుకెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చేసి చూసినవాడు. తీసేయడం ఆ తర్వాత నేర్చుకున్నాడు, అదీ ఒక్కొక్కటిగా.

1955లో స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ నాటకం 'టైటస్ ఆండ్రోనికస్' చూడండి. లారెన్స్ ఒలివియే టైటస్ వేషం, వివియన్ లీ టైటస్ కూతురు లవీనియా వేషం. లవీనియా నాలుక కోసి, చేతులు నరికేశాక ఆమె రంగం మీదకు రావాలి. ఎర్ర రంగు నీళ్లు పోస్తే ఏమవుతుందో మన నటులందరికీ తెలుసు: బట్టలకు పట్టి నల్లబడుతుంది, నేల జారుతుంది, ముందు వరసలో ఎవరో ఒకరు నవ్వుతారు, మిగతావాళ్లు ఆ రంగునీళ్ల సంచి ఎక్కడ దాచారా అని వెతుకుతారు. బ్రూక్ ఆమె నోటినుంచీ, మణికట్ల నుంచీ ఎర్రటి రిబ్బన్లు జారవిడిచాడు. నెత్తురు అక్కడ లేదు కాబట్టే ప్రేక్షకుడు దాన్ని తనే ఊహించుకున్నాడు. ఎవరైనా ఇది ప్రయత్నిస్తే ఒక హెచ్చరిక: రిబ్బను సన్నగా, బరువు లేకుండా ఉంటే ఫ్యాను గాలికి ఎగిరి పండగ తోరణంలా కనిపిస్తుంది. అంచులు కుట్టిన సాటిన్ కావాలి. దాన్ని చుట్ట చుట్టకుండా మడతలు మడతలుగా పిడికిట్లో పెట్టుకోవాలి. చుట్టింది చిక్కుపడుతుంది, మడత పెట్టింది ఒక్కసారిగా జారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ క్షణంలో నటి చెయ్యి కదలకూడదు.

1962లో పాల్ స్కోఫీల్డ్‌తో చేసిన 'కింగ్ లియర్'లో తుఫాను కోసం తుప్పు పట్టిన పెద్ద ఇనుప రేకుల్ని రంగం మీదే, అందరికీ కనబడేలా వేలాడదీశాడు. ఉరిమేది ఆ రేకే, కనిపించేదీ ఆ రేకే. మన దగ్గర ఉరుము సెల్‌ఫోన్‌లోంచి స్పీకర్‌కు వస్తోంది, అదీ సమయం తప్పి. పల్చటి ఇనుప రేకుకు పై అంచున రెండు చిల్లులు పెట్టి తాళ్లతో వేలాడదీసి, కింది అంచు పట్టుకుని ఊపితే చాలు. కింది అంచు నేలకో గోడకో తగిలిందా, మోత చచ్చి డబ్బా చప్పుడవుతుంది. ఆ నాటకంలోనే ఇంకొకటి చేశాడు. గ్లాస్టర్ అనే ముసలి ప్రభువు కళ్లు పీకేశాక, ఆ గుడ్డివాడు తడుముకుంటూ వెళ్తుండగానే ప్రేక్షకుల మీద దీపాలు వెలిగించాడు. విరామం మొదలైందో లేదో తెలియని ఆ ఇబ్బందిలో జనం తమను తాము చూసుకున్నారు. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. కానీ లైట్లు వేసే మనిషి రిహార్సల్స్ అన్నింటికీ రావాలి.

1970 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'ను ఖాళీ వేదిక అనడం మరీ అన్యాయం. శాలీ జేకబ్స్ రూపొందించింది తెల్లటి గోడల పెట్టె: వెనక గోడకు రెండు ద్వారాలు, గోడల పైన నడవ, ఆ నడవ మీద సంగీతం వాయించేవాళ్లు, తమ వంతు కోసం చూసే నటులు. అడవి లేదు, చెట్టు లేదు. చెట్లకు బదులు పైనుంచి గేలపు కర్రలతో జారవిడిచిన తీగ చుట్టలు. యక్షిణుల రాణి టైటానియా పాన్పు ఒక బ్రహ్మాండమైన ఎర్రటి ఈక. ఆమె భర్త ఒబెరాన్ వేషం వేసిన అలన్ హోవర్డ్, అతని సేవకుడు పక్ వేసిన జాన్ కేన్ ఊయల కడ్డీల మీద ఊగుతూ, కర్ర మీద తిరుగుతున్న పళ్లేన్ని ఒకరి కర్ర నుంచి ఇంకొకరి కర్రకు అందించుకుంటారు. ఆ పళ్లెమే కథలోని మాయపువ్వు. ఇందులో ప్రేమికుల్లో ఒకడైన డెమెట్రియస్‌గా నటించిన యువకుడే తర్వాత గాంధీగా ప్రపంచానికి తెలిసిన బెన్ కింగ్స్‌లీ.

ఆ పళ్లెం గురించి కాస్త చెప్పాలి. సర్కస్‌లో వాడే పళ్లేనికి అడుగున చుట్టూ అంచు, మధ్యలో గుంట ఉంటాయి. కర్ర కొనను మొదట ఆ అంచుకు ఆనించి పెద్ద పెద్ద సున్నాలు చుడుతూ వేగం పెంచాలి. వేగం అందుకున్నాక మణికట్టు ఆపితే కొన గుంటలోకి వచ్చి కూర్చుంటుంది. నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు చేతినంతా తిప్పడం. తిరగాల్సింది మణికట్టే. వేగం తగ్గిన పళ్లేన్ని ఇంకొకరికి అందించబోతే పడి తీరుతుంది. ఇదంతా చేస్తూనే షేక్‌స్పియర్ పద్యం తడబడకుండా చెప్పాలి. పద్యం చేతిని ఆపకూడదు, చెయ్యి పద్యాన్ని ఆపకూడదు. తెర ఖర్చు మిగిలిన చోట వారాల తరబడి సాధన ఖర్చవుతుంది.

సినిమాల సంగతి వ్యాసంలో రెండు వాక్యాలతో తేల్చేశారు. పిచ్చాసుపత్రి రోగులు నాటకం ఆడే కథ 'మారా/సాద్' సినిమాను "నాటకానికి తీసిన రికార్డింగ్" అన్నారు. నాటకం 1964లో లండన్‌లో ఆడింది, సినిమా 1967లో వచ్చింది. ఛాయాగ్రాహకుడు డేవిడ్ వాట్కిన్ ఒక గోడనంతా కాంతి చొరబడే పదార్థంతో కట్టించి, దాని వెనకనుంచే వెలుగిచ్చాడు. షాట్ షాటుకూ లైట్లు మార్చే పని తప్పింది. కెమెరా పిచ్చాసుపత్రి రోగుల మధ్య ఎటు కావాలంటే అటు తిరిగింది. ప్రేక్షకుడి కన్ను చేసే పని కెమెరా చేయాలంటే ఏం కావాలో ముందే లెక్క వేసుకుని చేసిన ఏర్పాటిది.

దీవిలో చిక్కుకున్న పిల్లల కథ 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' (1963) దారి వేరు. ప్యూర్టోరికో దగ్గర వియేకస్ దీవిలో, నటన ఎరగని పిల్లలతో, 1961లో చిత్రీకరణ. సుమారు 60 గంటల ఫిల్మ్ పోగైంది. దాన్ని మొదట 4 గంటలకు, తర్వాత కాన్స్ సినిమా ఉత్సవానికి 100 నిమిషాలకు, అమెరికాలో విడుదలకు ఇంకా కుదించారు. అన్ని కోతలయ్యాక దృశ్యాల మధ్య అతుకులకు కొత్త మాటలు కావాల్సి వచ్చాయి. ఈలోగా ముఖ్యపాత్ర రాల్ఫ్ వేసిన కుర్రాడి గొంతు మగగొంతయి కూర్చుంది. దాన్ని యంత్రాలతో పాత గొంతుకు దగ్గర చేసే ప్రయత్నం చేశారు గానీ తేడా వినిపిస్తూనే ఉంటుంది. పిల్లలతో లఘుచిత్రాలు తీసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: షూటింగ్ ముగిసిన వారంలోనే అవసరం ఉన్నా లేకపోయినా మాటలన్నీ ఒకసారి విడిగా రికార్డు చేసి దాచుకోండి. పన్నెండేళ్ల గొంతు ఎడిటింగ్ అయ్యేదాకా ఆగదు.

ఇక 'మహాభారతం'. 1952 నుంచి మూతబడి పాడుపడిన బూఫ్ దు నోర్ అనే థియేటర్‌ను బ్రూక్ 1974లో పారిస్‌లో తెరిచాడు. గోడల పెచ్చులు పెచ్చులుగానే ఉంచి, నటించే నేలను ముందు వరస ప్రేక్షకుల పాదాల మట్టానికే తెచ్చాడు. అక్కడ పెరిగిన పద్ధతే 1985లో ఫ్రాన్సులోని అవిన్యోన్ దగ్గర రాతి క్వారీకి చేరింది. జాన్ క్లోద్ కారియేర్ రచన, మూడు భాగాలు: జూదం, వనవాసం, యుద్ధం. మొత్తం తొమ్మిది గంటలు. ఒక్కో రోజు మూడూ కలిపి రాత్రంతా ఆడి తెల్లవారేసరికి ముగించేవారు. మట్టి నేల, నీళ్లు, నిప్పు. కర్ణుడి రథం అంటే ఒకే ఒక చక్రం. మల్లికా సారాభాయ్ ద్రౌపది, మిగతా నటులు ఆఫ్రికా, జపాన్, యూరప్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. దాన్నే 1989లో సినిమాగా తీశాడు.

ఆ నాటకం మీద మన దేశంలో వచ్చిన అభ్యంతరాల్ని వ్యాసం దాటేసింది. గీత కొద్ది నిమిషాల్లో ముగిసిపోయింది. కథను పుట్టిన నేల నుంచి పెకిలించారన్న విమర్శలో బలం ఉంది. తిక్కన ఉద్యోగపర్వం చెవుల్లో మోగుతుండగా చూసేవాడికి ఆ రాయబారం వెలితిగానే ఉంటుంది. అయితే ఆ చక్రం గొప్పదనం దానివల్ల తగ్గదు.

బ్రూక్ 'మహాభారతం'కు సరిగ్గా వందేళ్ల ముందు, 1885లో, కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు 'కీచక వధ'తో ఒక నాటక సమాజాన్ని మొదలుపెట్టారు. వాళ్లది రంగుల తెరలు, తీగల మీద ఎగిరే పాత్రల దారి. బ్రూక్‌ది ఎదురు దారి. కానీ తీగ లాగే మనిషికీ, పళ్లెం తిప్పే మనిషికీ కావాల్సిన సాధన ఒకటే. నల్ల తెర సమాజాలు ఈ రెండింటిలో ఏదీ చేయడం లేదు.

చివరిగా మైకుల మాట. 1972 చివర్లో బ్రూక్ బృందం ఆఫ్రికా పల్లెల్లో తివాచీ పరిచి, చుట్టూ జనం కూర్చుంటే మైకు లేకుండా ఆడింది. మన పరిషత్తుల్లో పైనుంచి మూడు మైకులు దిగుతాయి. నటులు ఆ మూడింటి కిందే నిలబడతారు, ఎందుకంటే అడుగు పక్కకేస్తే మాట వినబడదు. ముప్పై అడుగుల వేదిక మూడు చుక్కలైపోతుంది. రెండు మూడు వందల మంది పట్టే హాల్లో ఒక్క పోటీనైనా మైకులు లేకుండా, తివాచీ మీద, మూడువైపులా కుర్చీలు వేసి పెట్టమని నిర్వాహకుల్ని కోరుతున్నాను. తివాచీ అంచుల్ని మాత్రం టేపుతో నేలకు అంటించండి, లేకపోతే మొదటి పోరాట దృశ్యంలోనే ఎవరో ఒకరు తట్టుకుని పడతారు.

— రంగస్థల అధ్యాపకుడు, తెనాలి