నూటికి రెండంటే ఎంతో చెప్పని ఆర్థిక అక్షరాస్యత

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో మా ఊరి హైస్కూల్లో జరిగిన ‘ఆర్థిక అక్షరాస్యత’ సదస్సు ఫొటో వేశారు. అందులో పిల్లల కంటే బ్యానరే పెద్దది. రెండో బల్ల మీద కూర్చున్నది నా మనవరాలు కాబట్టి ఫొటోలో పడని సంగతి నేను చెబుతాను.

పదిన్నరకు వస్తామన్న బ్యాంకు పెద్దలు పన్నెండుంబావుకు వచ్చారు. తెర మీద పందిబొమ్మ డిబ్బీ చూపించారు. ఎవరో అమెరికా కుర్రాడు నిమ్మరసం అమ్మి డాలర్లు కూడబెట్టిన కథ చెప్పారు. శాలువాలు కప్పించుకుని వెళ్లిపోయారు. ఎండాకాలం చలివేంద్రం పెట్టి ఊరికే మజ్జిగ పోసే ఊళ్లో ఈ కథ ఎవరికెక్కుతుందో వాళ్లకే తెలియాలి.

సాయంత్రం మనవరాలిని అడిగాను: “నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే ఏడాదికి ఎంత శాతమే?” “రెండు శాతం తాతయ్యా” అంది. తొమ్మిదో తరగతి! నెలకు రెండైతే ఏడాదికి ఇరవై నాలుగని చెబితే నోరు తెరిచింది. పుస్తకంలో బారువడ్డీ, చక్రవడ్డీ రెండూ ఉన్నాయి, బజారు వడ్డీ ఒక్కటే లేదు.

వాళ్లమ్మ కట్టే చీటీ చాలదా లెక్క నేర్పడానికి? ఇరవై మంది, నెలకు 5,000, లక్ష చీటీ. ఒకరు వేలంలో 25,000 తగ్గించి పాడుకుంటే చేతికొచ్చేది 75,000. కమీషను 5,000 పోగా మిగిలిన 20,000 అందరికీ పంచితే తలా వెయ్యి కసరు, అంటే తగ్గింపు, ఆ నెల కట్టేది 4,000. చీటీలంటే మోసాలంటారా? అందుకే కదా చెప్పమనేది! 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం ఒకటుందని, రిజిస్టరు కాని చీటీకి దిక్కు లేదని బడిలో చెప్పకపోతే, నిర్వాహకుడు ఊరొదిలి పారిపోయాక పోలీసు స్టేషన్లో చెబుతారు.

ఇదంతా నెల్లూరు జిల్లాలో! 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా తరిమికొట్టాక, రోజుకో రూపాయి దాచిన పొదుపు సంఘాలు పుట్టిన గడ్డ ఇది. సదస్సులో ఆ మాటే ఎవరూ ఎత్తలేదట. పొదుపు సంఘం లీడరును ఒకామెను పిలిస్తే శాలువా ఖర్చు కూడా కలిసొచ్చేది. మా రోజుల్లో బడిలోనే సంచయిక అని పిల్లల పొదుపు బ్యాంకు ఉండేది, పావలా వేసినా పుస్తకంలో రాసేవారు. ఇప్పుడు బ్యాంకుకెళితే పాస్‌బుక్ మిషను పనిచేయదు. ‘సర్వర్ లేదు, రేపు రండి’ అనే వాళ్లే వచ్చి పిల్లలకు పొదుపు పాఠం చెబుతున్నారు.

1978 నాటి మా పెళ్లి చదివింపుల పుస్తకం ఇంకా బీరువాలో ఉంది. అందులో నూటపదహార్లు రాయించిన బంధువు మనవడి పెళ్లికి మొన్న నేను 1,116 చదివించాను. ఎక్కువిచ్చానా, తక్కువిచ్చానా అని ఇంట్లో ఇప్పటికీ తగువే. రూపాయి విలువ ఎలా కరిగిందో చెప్పడానికి ఇంతకంటే పాఠం ఏముంది? మళ్లీ సదస్సు పెడితే ఆ పుస్తకం పంపిస్తాను. తిరిగి ఇచ్చే పూచీ మాత్రం రాసివ్వాలి.

— విశ్రాంత లెక్కల మాస్టారు, కావలి